పేజీకి పావు డాలరు

హెబర్ట్ అని రాస్తాం, ఏబేర్ అని పిలవాలి.
ఇరవై రెండేళ్ళుగా ఈ ముందుబల్ల దగ్గర కూర్చుని
లఫయెట్ ఊళ్ళో విరిగినవాళ్ళ పేర్లన్నీ
సరిగ్గా పలకడం నేర్చుకున్నాను.

ఆల్సీడ్ ఏబేర్ గారు పియానోలకు శ్రుతి చేస్తారు.
చేసేవారు.
చర్చిల్లో, బడుల్లో, విడాకులైన ఇళ్ళల్లో
ఎవరూ వాయించని పియానోలకు కూడా.
రొయ్యల ఐసు మోసే వ్యానొకటి ఎర్రదీపం దాటి వచ్చి
ఆయన కుడి మణికట్టుని తలుపుకీ స్టీరింగుకీ మధ్య పెట్టి నొక్కింది.
చెవులకేమీ కాలేదు. ఆ సంగతి
అవతలి కంపెనీ వకీలు మూడుసార్లు రాయించుకున్నాడు.

హైవే పక్కన మా ప్రూయిట్ గారి బొమ్మ ఉంటుంది,
ఇల్లంత ముఖం, వానకి ఒక చెంప పాలిపోయింది.
"గెలిస్తేనే ఫీజు" అని కింద పసుపు అక్షరాలు.
అబద్ధం కాదది. అక్షరాలు మరీ పెద్దవి,
మిగతా మాటలకి చోటు చాలలేదు, అంతే.
ఆ మిగతా మాటలు నేను చెప్తాను, కాగితం వాళ్ళవైపు తిప్పి,
పెన్ను మొనతో వరుస వరుసా చూపిస్తూ:
కోర్టు గడప తొక్కకముందు రాజీ కుదిరితే మూడో వంతు,
తొక్కాక నూటికి నలభై,
ఖర్చులు వేరు.
"వేరు" అన్నప్పుడు అందరూ తలూపుతారు.
అప్పటికి నొప్పి పచ్చిగా ఉంటుంది, ఏదైనా సరే అంటారు.

రెండేళ్ళ రెండు నెలలు.
ఇవాళ వచ్చింది అరవై వేలు.
ప్రూయిట్ గారికి ఇరవై నాలుగు.
చెడ్డవాడేం కాదు. కిందటేడు మెట్ల మీంచి పడ్డ ఓ ముసలామె కేసు ఓడి
తొమ్మిది వేలు సొంత జేబులోంచి పోసుకున్నాడు,
ఆ నెల నా జీతం ఆలస్యమైంది.
ఆసుపత్రి పదిహేడు వేల మూడు వందల యాభై అంటూ
చెక్కు రాకముందే చెయ్యి చాచి నిలబడింది.
ఎముకల డాక్టరు గంటన్నర సాక్ష్యానికి మూడున్నర వేలు,
ఆ గంటన్నరలో ఈయన పేరు రెండుసార్లు తప్పు పలికాడు.
ఆ తప్పులతో సహా టైపు చేసినావిడకి పదకొండు వందల నలభై.
కోర్టులో దాఖలుకి నాలుగు వందల పన్నెండు.
తపాలాకి డెబ్భై నాలుగు.
జిరాక్సులకి రెండు వందల ఎనభై ఆరు.

మిగిలింది పదమూడు వేల రెండు వందల ముప్పై ఎనిమిది.

వ్యాజ్యం గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడంటారు.
కొందరు ఇంటిదాకా ఆగలేరు.
అందుకని బల్ల మీద టిష్యూల డబ్బా నా డబ్బుతో కొని పెడతాను,
అది ఏ పట్టీలోనూ ఎక్కదు.

ఏబేర్ గారు దాన్ని ముట్టుకోలేదు.
ఇరవై నాలుగు వేల గురించీ అడగలేదు.
జిరాక్సుల వరుస మీద వేలు ఆన్చారు.
"పేజీకి పావు డాలరండీ," అన్నాను,
"పదకొండు వందల నలభై నాలుగు పేజీలు."
"ఈ మిషనేనా?"
వెనకాల అది ఇంకెవరిదో తుంటి ఎక్స్‌రే రిపోర్టు కక్కుతోంది.
ఆయన తల కాస్త వంచి విన్నారు.
ఈ గదిలో ఇన్నాళ్ళలో ఎవరూ
దేన్నీ అలా వినగా నేను చూళ్ళేదు.
"వెంట్రుకవాసి కిందుంది శ్రుతి," అన్నారు,
"ఇన్నేళ్ళూ ఎలా భరించావమ్మా?"

ఎడమచేత్తో సంతకం పెట్టారు.
మొదటి ఒప్పందం మీద ఆ చేతిది బడిపిల్లాడి సంతకం,
ఇవాళ్టిది ఎవరో పెద్దమనిషిది.
రెండూ ఒకే ఫైల్లో పెట్టి బీరువాలో వేశాను.
మిషను ఆపేశాను.

బయట వాన. కుర్చీలో కాలికి కట్టుతో ఓ కుర్రాడు,
ఫోను తెర మీద అవే పసుపు అక్షరాలు.
"మొదటిసారి మాట్లాడ్డానికి ఏమీ ఇవ్వక్కర్లేదుగా?"
అక్కర్లేదన్నాను.
నీ పేరు ఎలా పలకాలి బాబూ, అని అడిగాను.